కోత్ లెక్క, కోడ్ లెక్క
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నెల క్రితం ఫోన్ చేసి, "సాబ్, ఈసారి సియాచిన్ కథ వద్దు, అందరూ విన్నారు. మన పిల్లల్లో సగంమంది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. వాళ్ళకు పనికొచ్చే ముక్క ఏదైనా చెప్పండి" అన్నారు. నాది ఇంటర్మీడియట్ చదువు. 1989లో ప్రకాశం జిల్లా నుంచి వెళ్ళి సిగ్నల్స్‌లో చేరాను. జబల్‌పూర్‌లో ట్రైనింగ్, తరువాత మౌ కాలేజీలో రెండు కోర్సులు, సుబేదార్‌గా 2016లో రిటైరయ్యాను. ఇంజనీరింగ్ చదివిన పిల్లలకు నేను సాఫ్ట్‌వేర్ గురించి చెప్పడం అంటే నవ్వొచ్చే విషయమే. అయినా ఎనిమిదేళ్ళుగా ఇక్కడ పుణెలో ఒక చిన్న కంపెనీలో సి భాషలో రాసిన పెద్ద ప్రోగ్రాం మధ్యలో బతుకుతున్నాను కాబట్టి, అందులో ఒకే ఒక్క విషయం, నాకు దెబ్బ తగిలి తెలిసిన విషయం, మీ ముందు పెడతాను. దాని పేరు అసర్ట్.

అసర్ట్ అంటే ఏమిటో ఇంట్లోవాళ్ళకి కూడా అర్థమయ్యేటట్టు చెప్పాలంటే కోత్ గుర్తు చేసుకోవాలి. కోత్ అంటే ఆయుధాల గది అని ఇక్కడున్న ఆడవాళ్ళకు కూడా తెలుసు, ఎన్ని రాత్రులు భోజనం చల్లారిపోయిందో వాళ్ళనే అడగండి. సాయంత్రం లెక్క చూస్తారు. లోపల ఉన్న రైఫిళ్ళు, డ్యూటీ మీద బయటికి పోయినవి, వర్క్‌షాప్‌కి రిపేరుకి పోయినవి, మూడూ కలిపితే రిజిస్టర్‌లో ఉన్న మొత్తం రావాలి. వచ్చిందా, తాళం వేసి పోతారు. ఒక్కటి తగ్గిందా, ఇక సెలవు బంద్, భోజనం బంద్, నిద్ర బంద్. ఎందుకంటే ఆ లెక్క తప్పడానికి వీల్లేదు. తప్పిందంటే మనలోనే ఎవడో ఏదో చేశాడు. తెల్లారి చూద్దాంలే అని వదిలేస్తే తెల్లారేసరికి ఆ రైఫిల్ ఎక్కడుంటుందో దేవుడికి తెలుసు.

అసర్ట్ సరిగ్గా అదే. ప్రోగ్రాం రాసేవాడు ఒక చోట ఆగి, "ఇక్కడికి వచ్చేసరికి ఈ మాట నిజమై తీరాలి" అని ఒక లైను రాస్తాడు. నిజమైతే ప్రోగ్రాం ముందుకు పోతుంది. కాకపోతే ఏ మాట తప్పింది, ఏ ఫైల్, ఎన్నో లైను అని ఒక్క ముక్క చెప్పి అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. 1949లోనే అలన్ ట్యూరింగ్ కేంబ్రిడ్జిలో ఒక సమావేశంలో ఈ పద్ధతి చెప్పారు. పెద్ద లెక్క మొత్తం ఒకేసారి సరిచూడడం కష్టం, మధ్యమధ్యలో ఇక్కడ ఇంత ఉండాలి అని రాసిపెడితే ముక్కముక్కగా సరిచూడొచ్చు అని.

సి భాషలో ఇంకో వసతి ఉంది. ఎన్‌డీబగ్ అనే ఒక్క పేరు పెట్టి ప్రోగ్రాంని తయారుచేస్తే అసర్ట్‌లన్నీ మాయమైపోతాయి. లేనట్టే. టెస్టింగ్‌లో ఉంచుకో, కస్టమర్‌కి ఇచ్చేటప్పుడు తీసేసుకో అని దాని ఉద్దేశం. ఉంచాలా తీసేయాలా అన్నదే మా ఆఫీసులో పెద్ద యుద్ధం.

మా కంపెనీ చేసేది ఒక పెట్టె. రకరకాల వైర్‌లెస్ సెట్లను, టెలిఫోన్‌ను ఒకదానితో ఒకటి కలిపే పెట్టె. నన్ను తీసుకున్నది సెట్లు తెలిసినవాడినని, టెస్ట్ బెంచి మీద కూర్చోబెట్టడానికి. లోపలి ప్రోగ్రాం నాలుగు లక్షల లైన్లకు పైనే. ఇరవై ఏళ్ళుగా ఎందరో రాశారు, వెళ్ళిపోయారు. రిటైరయ్యే ముందు రీసెటిల్‌మెంట్ కోర్సులో నేర్చుకున్న కొద్దిపాటి సి తో మెల్లగా ఆ కోడ్ చదవడం మొదలుపెట్టాను. అందులో అసర్ట్‌లు దాదాపు మూడు వేలు. ఒకడు ప్రతి రెండో లైనుకి పెట్టాడు. ఇంకొకడి వెయ్యి లైన్ల ఫైల్‌లో ఒక్కటి లేదు. ఒకచోట అయితే, నిజమని చెప్పుకోండి, ఒక సంఖ్య సున్నాకన్నా చిన్నది కాకూడదు అని అసర్ట్. ఆ సంఖ్య రకమే సున్నాకన్నా కిందికి పోలేని రకం. సంత్రీని గోడకేసి నిలబెట్టి, గోడ లోపల్నుంచి ఎవరైనా వస్తే ఆపు అన్నట్టు.

2018లో ఒక మీటింగ్ జరిగింది. అసర్ట్‌లు ఫీల్డ్‌లో ఉంచాలా వద్దా అని. మా టీమ్ లీడ్ ఒక మరాఠీ అమ్మాయి, మా పెద్దమ్మాయి వయసు. నన్ను కాకా అంటుంది. ఆ అమ్మాయి ఆలోచిద్దాం అంది. నేను మాత్రం లేచి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. శాంతికాలంలో సంత్రీని పెట్టి యుద్ధం మొదలవగానే వాడికి సెలవిస్తామా అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత తెలిసింది, టోనీ హోర్ అనే పెద్ద శాస్త్రవేత్త 1973లోనే ఇలాంటి మాటే అన్నారట: ఒడ్డున శిక్షణలో లైఫ్ జాకెట్ తొడుక్కుని సముద్రంలోకి దిగేటప్పుడు విప్పేసే నావికుడి సంగతి. కాబట్టి నా మాట పూర్తిగా తప్పు కాదు. కానీ అది సగం మాట. మిగతా సగం నాకు మరుసటి వేసవిలో తెలిసింది.

సముద్ర తీరంలో ఒక ఊరు. పేరు చెప్పను. అక్కడి ఫైర్ కంట్రోల్ రూమ్‌లో మా పెట్టె ఉంది. ఆ ఏడు వాళ్ళు బండ్లకి కొత్త సెట్లు కొన్నారు, వేరే కంపెనీవి. పాత సెట్లు పంపే స్థితి సందేశం అరవై నాలుగు బైట్లు దాటదు. కొత్త సెట్లు బండి ఎక్కడుందో కూడా కలిపి డెబ్బై రెండు పంపుతాయి. మా కోడ్‌లో పాతకాలపు లైను ఒకటుంది: సందేశం పొడవు అరవై నాలుగుకి మించదు అని అసర్ట్. ఒక మధ్యాహ్నం ఒక గోడౌన్ అంటుకుంది. బండి వెళ్ళింది. డ్రైవర్ అక్కడినుంచి రెండో ట్యాంకర్ కావాలని అడిగాడు. సెట్ నుంచి డెబ్బై రెండు బైట్లు వచ్చాయి. మా పెట్టె లెక్క చూసుకుంది, తప్పింది, చచ్చిపోయింది. మళ్ళీ లేచి, రేడియోలన్నీ సరిచూసుకుని సిద్ధం కావడానికి నలభై సెకన్లు. ఈలోపల కొత్త సెట్, జవాబు రాలేదని అదే సందేశం మళ్ళీ పంపింది. పెట్టె లేవడం, సందేశం రావడం, పడిపోవడం. ఆ ఊళ్ళో ఉన్న సెట్లన్నీ ఆ పెట్టె మీదే ఆధారం కాబట్టి పాత సెట్ల మాటలు కూడా పోయాయి. చివరికి డ్రైవర్ తన సొంత మొబైల్‌తో ఎవరికో చేసి, వాళ్ళు ఇంకెవరికో చేసి, రెండో ట్యాంకర్ కదిలేసరికి పదకొండు నిమిషాలు. మనుషులకు ఏమీ కాలేదు, అది మా అదృష్టం. గోడౌన్ మొత్తం పోయింది.

కంపెనీ నన్నే పంపింది. సిగ్నల్స్ మనిషి, మాట్లాడగలడు అని. కంట్రోల్ రూమ్‌లో ఉన్న ఆపరేటర్ పెద్దాయన నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, "సాబ్, నిప్పు చూసి మేము పరిగెత్తుతాం, మీ పెట్టె మాత్రం సెలవు పెట్టేసింది" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుర్తుంది.

తిరుగు రైల్లో ఆ లాగ్ కాగితాలు ముందు పెట్టుకుని ఆలోచించాను. నేను చెప్పిన సంత్రీ పోలికే తప్పు. కోత్ లెక్క వేరు, గేటు దగ్గర సంత్రీ వేరు. కోత్ లెక్క తప్పితే తప్పు మనది, అన్నీ ఆపాలి. గేటు దగ్గరికి ఎవరు వస్తారో మన చేతిలో లేదు. పాలవాడు వస్తాడు, పిచ్చివాడు వస్తాడు, శత్రువు వస్తాడు. సంత్రీ పని "థమ్, కౌన్ ఆతా హై" అని అడగడం, జవాబు సరిగ్గా లేకపోతే లోపలికి రానివ్వకపోవడం. తెలియని మనిషి కనబడగానే సంత్రీ తన్ను తాను కాల్చుకుంటే ఆ యూనిట్ గతి ఏమిటి? గాలిలోంచి వచ్చిన సందేశం గేటు దగ్గరి మనిషి. దాని పొడవు ఇంతే ఉండాలి అని మనం ఆశించవచ్చు గానీ ఖాయం చేయలేం. అక్కడ ఉండాల్సింది మామూలు ఇఫ్: పెద్దదిగా ఉంటే తీసుకోకు, లాగ్‌లో రాసుకో, నీ పని చేసుకో. అసర్ట్ కాదు.

ఇంకో సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. ఆ అసర్ట్ వట్టి చెడ్డది కాదు. లోపల సందేశం పెట్టుకునే చోటు అరవై నాలుగు బైట్లే. ఆ లైను లేకపోతే మిగతా ఎనిమిది బైట్లు పక్కనున్న వేరే విషయం మీద పడి చెరిపేసేవి. అప్పుడు పెట్టె పడిపోకుండా, తప్పుడు బండికి తప్పుడు మాట పంపుతూ ఉండేది. అది ఇంకా ప్రమాదం. సి భాషలో ఇదే చిక్కు, అది హద్దు దాటితే చెప్పదు.

పైవాళ్ళకు ఇదంతా వినే ఓపిక లేదు. ఆ ఒక్క లైను సరిచేయించి, చోటు పెంచి, మిగతా అసర్ట్‌లన్నీ ఎన్‌డీబగ్‌తో తీసేయమన్నారు. నేనేం మాట్లాడలేదు. మాట్లాడే ముఖం లేదు.

తొమ్మిది రోజులు బాగా నడిచింది. పదో రోజు పొద్దున ఆరింటికి అదే ఆపరేటర్ రోజూ చేసే రేడియో చెక్ చేస్తే ఒక్క సెట్ పలకలేదు. పెట్టె బతికే ఉంది, లైట్లు వెలుగుతున్నాయి, అన్ని చానళ్ళూ బిజీ అంటోంది. ఎవరూ మాట్లాడడం లేదు, అన్నీ బిజీ. రీస్టార్ట్ చేస్తే బాగైంది.

రెండు రోజులు వెతికాం. దొరికింది చూస్తే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మాట్లాడుతుండగా బండి సిగ్నల్ అందనంత దూరం పోతే ఆ చానల్‌ని విడిపించే ఫంక్షన్ ఒకటుంది. ఎవరో ఎప్పుడో ఆ ఫంక్షన్‌ని అసర్ట్ బ్రాకెట్ లోపలే పిలిచాడు, విడిపించిన ఫలితం సున్నా అయి తీరాలి అని. ఎన్‌డీబగ్ పెట్టగానే అసర్ట్‌తోపాటు ఆ పిలుపు కూడా మాయం. లెక్క చూసేవాడిని తీసేశాం అనుకున్నాం, వాడు వెళ్తూ వెళ్తూ తాళంచెవి కూడా పట్టుకుపోయాడు. ఉన్నవి ముప్పై రెండు చానళ్ళు. సిగ్నల్ పోయిన ప్రతిసారీ ఒకటి అలా ఇరుక్కుపోతూ తొమ్మిది రోజుల్లో అన్నీ అయిపోయాయి. మేము నెలల తరబడి టెస్ట్ చేసింది అసర్ట్‌లు ఉన్న ప్రోగ్రాం. ఊరికి పంపింది అసర్ట్‌లు లేని ప్రోగ్రాం, దాన్ని గంటసేపు నడిపి చూశాం. కవాతు చేయించిన పలటన్ ఒకటి, ఫ్రంట్‌కి పంపిన పలటన్ ఇంకొకటి.

అప్పుడు మా టీమ్ లీడ్ అమ్మాయి నన్ను పిలిచి, "కాకా, ఇప్పుడు ఇద్దరం ఒక్కోసారి తప్పు చేశాం, కూర్చుని చదువుదాం" అంది. నిజానికి ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు, నన్ను కాపాడడానికి అంది. రోజూ సాయంత్రం గంటసేపు వేరేవాళ్ళు ఏం చేశారో చదివాం.

మన సర్వీసువాళ్ళకు నచ్చేది ఒకటి చెబుతాను. ఎస్‌క్యూలైట్ అని చిన్న డేటాబేస్ ఉంది, మీ అందరి జేబుల్లోని ఫోన్లలో ఉంది. దాన్ని రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టారు. అమెరికా నౌకాదళం డిస్ట్రాయర్ ఓడలో దెబ్బ తగిలితే ఏ వాల్వులు మూయాలో చెప్పే సాఫ్ట్‌వేర్ మీద ఆయన పనిచేస్తుండగా, డేటాబేస్ సర్వర్ పడిపోతే తన ప్రోగ్రాం కూడా చేతులెత్తేయడం చూసి, అసలు సర్వరే లేని డేటాబేస్ కావాలనుకున్నారు. దాని కోడ్‌లో అసర్ట్‌లు వేలల్లో ఉన్నాయి, మామూలుగా తయారుచేస్తే అవన్నీ ఆగిపోయి ఉంటాయి, ఉంచితే బాగా నెమ్మదిస్తుంది కాబట్టి. అయితే వాళ్ళు ఇంకో రెండు పెట్టుకున్నారు, ఆల్వేస్, నెవర్ అని. టెస్ట్ చేసేటప్పుడు అవి అసర్ట్‌లాగే ఆపుతాయి. బయటికి ఇచ్చాక మాయం కావు, మామూలు ఇఫ్‌లాగా ఉండి, జరగకూడనిది జరిగితే మెల్లగా పక్కదారి పట్టిస్తాయి. లినక్స్ కెర్నల్ వాళ్ళు ఇంకో రకం. యంత్రాన్ని మొత్తం ఆపేసే బగ్-ఆన్ కొత్తగా వాడొద్దని వాళ్ళ పత్రాల్లోనే రాసుకున్నారు, హెచ్చరించి ముందుకు సాగే వార్న్-ఆన్ వాడమంటారు, అది కూడా జరగదనుకున్న చోటే.

నాసా జెట్ ప్రొపల్షన్ లాబ్‌లో జెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో పది నియమాలు రాశారు. ఫంక్షన్‌కి సగటున కనీసం రెండు అసర్ట్‌లు ఉండాలి, లోపల ఏ పనీ జరగకూడదు, తప్పితే కోలుకునే దారి రాసి ఉండాలి అని అందులో ఒకటి. లోపల పని జరగకూడదు అన్న మాట చదివినప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

వీటన్నిటికన్నా నన్ను కదిలించింది ఏరియన్ 5. 1996 జూన్ 4న మొదటి ప్రయాణం. ప్రోగ్రాం సి కాదు, అడా భాష, అయినా కథ మనదే. దిశ చెప్పే కంప్యూటర్లో ఒక పెద్ద సంఖ్యని చిన్న గదిలో, పదహారు బిట్ల గదిలో, పెట్టాల్సి వచ్చింది. పట్టలేదు. అలాంటి ప్రమాదమున్న సంఖ్యలు ఏడుంటే నాలుగింటికే రక్షణ పెట్టారు. కంప్యూటర్ మీద పని భారం పెరగకూడదని మూడింటిని వదిలేశారు, అవి అంత పెద్దవి కావు అనుకుని. అనుకున్నది ఏరియన్ 4 లెక్క, పాత రాకెట్‌కి అది నిజం కూడా. కొత్త రాకెట్ ఇంకా జోరుగా పక్కకు సాగింది. తప్పు రాగానే ఆ కంప్యూటర్ తన్ను తాను ఆపేసుకుంది. పక్కనే రిజర్వ్‌లో ఇంకొకటి ఉంది, అదే ప్రోగ్రాం కాబట్టి అదీ అదే కారణంతో అంతకు కాస్త ముందే ఆగిపోయి ఉంది. ఆగిపోతూ పంపిన తప్పు నివేదికని పైనున్న ముఖ్య కంప్యూటర్ దిశ సమాచారం అనుకుని నమ్మింది. నలభై సెకన్లలోపే రాకెట్ ముక్కలైంది. ఇంకా విచిత్రం, ఆ లెక్క రాకెట్ నేల వదిలాక అవసరమే లేని లెక్క. మా పెట్టె లేవడానికి పట్టేది కూడా నలభై సెకన్లే అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక మేము ఏం చేశామంటే, మొదట మూడు వేల అసర్ట్‌ల్నీ ఒక్కొక్కటే కూర్చుని చదివాం. ఏడు నెలలు పట్టింది. బ్రాకెట్ లోపల పని చేసేవి పదిహేడు దొరికాయి. బయటినుంచి వచ్చే సందేశం మీద, ఆపరేటర్ నొక్కే బటన్ మీద, ఫైల్‌లోంచి చదివిన దాని మీద ఉన్నవన్నీ తీసి ఇఫ్‌లు చేశాం. వాటిలో ప్రతిదానికీ, తిరస్కరించాక ఏం చేయాలో కూడా రాయాల్సి వచ్చింది. అసర్ట్ పెట్టినవాడు అంత దూరం ఆలోచించి ఉండడు, అందుకే అసర్ట్ పెట్టాడు. మిగిలినవి మన సొంత లెక్కలు. వాటిలో కొన్ని తప్పితే సాగడమే ప్రమాదం, మెమరీ చెడిపోయింది అని అర్థం. అవి ఫీల్డ్‌లోనూ ఆపుతాయి, ఎన్‌డీబగ్ వాటిని ముట్టుకోదు. ఇంకొన్ని తప్పితే ఆ ఒక్క కాల్ వదిలేసి లాగ్‌లో లైను నెంబరు రాసి సాగొచ్చు. మా లాబ్‌లో మాత్రం అవి కూడా ఆపుతాయి. మొత్తం జాబితా మొదటినుంచి చివరిదాకా నడిచి చూసే బరువైన లెక్కలు లాబ్‌కే పరిమితం.

మూడింటికి మూడు పేర్లు పెట్టాం. ఏది వాడాలి అన్నదాని మీద వాదన ఇప్పటికీ ఉంటుంది, ఉండాలి కూడా. నా లెక్క ఒకటే ప్రశ్న: ఇది తప్పితే ఆపడం వల్ల ఎక్కువ నష్టమా, సాగడం వల్లా? గుండె కొట్టించే యంత్రానికి ఒక జవాబు, బ్యాంకు ఖాతాకి ఒక జవాబు. ఖాతాలో తప్పు అంకె రాయడంకన్నా ఆగిపోవడమే మేలు.

ఆగడం కూడా మార్చాం. లేచేటప్పుడు రేడియోలన్నీ సరిచూసుకోవడం మానిపించి నలభై సెకన్లని మూడు సెకన్లు చేశాం. పది నిమిషాల్లో మూడుసార్లు పడిపోతే ఇక తెలివితేటలన్నీ పక్కనపెట్టి, మాటని అటునుంచి ఇటు పంపే తీగలాగా ఉండిపోతుంది. నా దృష్టిలో ఆ మీటింగ్‌లో చేసిన అన్నింటిలో ఇదే పెద్ద పని. పిల్లలు మాత్రం మూడు పేర్ల గురించే గొప్పగా చెప్పుకుంటారు.

అన్నట్టు, ప్రోగ్రాం నడవకముందే, తయారయ్యేటప్పుడే చూసే అసర్ట్ కూడా 2011 నుంచి సి భాషలో ఉంది, స్టాటిక్ అసర్ట్ అంటారు. రెండు గదుల సైజు ఒకటే ఉండాలి లాంటివి దానికి అప్పగించండి. ఫీల్డ్‌కి వెళ్ళే ప్రశ్నే లేదు, ఖర్చు లేదు.

లాగ్‌లో పడిన లైను నెంబర్లని ప్రతి సోమవారం పొద్దున అందరం చదువుతాం. చదవని లాగ్ రాయని లాగే. కిందటేడు ఒక సోమవారం ఒక నెంబరు వచ్చింది, మూడు ఊళ్ళనుంచి. తెరిచి చూస్తే ఆ లైను రాసింది నేనే. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. బోర్డు మీద నెంబరు రాసి పక్కన "కాకా" అని పెట్టి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి సరిచేశాను. ఆ తీరప్రాంత ఊరి ఆపరేటర్ ఈ సంక్రాంతికి ఫోన్ చేశాడు, ఆయన కూడా రిటైరవుతున్నాడట. పెట్టె ఎలా ఉందంటే, "పని చేస్తోంది సాబ్, దాని గురించి ఆలోచించడం మానేశాం" అన్నాడు.

బయట టీ చల్లారిపోతోందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు.  జైహింద్.